ఆవిరి బండికి రేడియో కంట్రోల్: క్యాబ్‌లో చోటు లేదు, బ్యాటరీ ఎక్కడ పెట్టాలి?

డాబా_రైలు
నా దగ్గర 32 మి.మీ. గేజ్ (పట్టాల మధ్య వెడల్పు) మీద, గ్యాస్ మంటతో ఆవిరి పుట్టించుకుని నడిచే చిన్న నమూనా రైలింజన్ ఒకటుంది. డార్జిలింగ్ బి క్లాస్ నమూనా, 0-4-0 శాడిల్ ట్యాంక్, అంటే నాలుగే చక్రాలు, నీళ్ళ ట్యాంకు బాయిలర్ మీదే. హైదరాబాద్‌లో మా డాబా మీదే ట్రాక్ వేశాను. డాబా అన్నాక వాననీళ్ళు పోవడానికి వాలు పెడతారు కదా, అదే నా ప్రాణం తీస్తోంది. నీళ్ళ గొట్టం వైపు దిగేటప్పుడు బండి పిచ్చెక్కినట్టు పరిగెత్తి మలుపులో పట్టాలు తప్పుతుంది, అటు నుంచి ఎక్కేటప్పుడు సగంలో చతికిలబడుతుంది. ఎక్కడానికి సరిపడా రెగ్యులేటర్ (సిలిండర్లకి ఆవిరి వదిలే వాల్వ్) తెరిస్తే దిగేటప్పుడు ఆగదు, దిగడానికి సరిపడా మూస్తే ఎక్కదు. దాని పక్కన వంగి పరిగెత్తుతూ లివర్ పట్టుకుంటే వేళ్ళు చురుక్కుమంటున్నాయి. మా ఆవిడ అయితే "జిమ్ డబ్బులు మిగిలాయి" అంటోంది.

అందుకని రెగ్యులేటర్‌కి ఒక సర్వో (రిమోట్ చెప్పినంత మేర తిరిగే చిన్న మోటారు), ముందుకీ వెనక్కీ మార్చే రివర్సర్‌కి ఒక సర్వో పెట్టి రేడియో కంట్రోల్ చేద్దామని. కానీ ఈ ఇంజన్‌కి టెండర్ (వెనక తగిలించే బొగ్గు, నీళ్ళ బండి) లేదు. క్యాబ్‌లో రెండు వేళ్ళు పట్టేంత సందు. ముందున్న బొగ్గు పెట్టె ఖాళీయే గానీ అది సరిగ్గా బాయిలర్ నెత్తిన కూర్చుంది. రిసీవర్, బ్యాటరీ, రెండు సర్వోలు ఎక్కడ ఇరికించాలి? స్వయంగా చేసినవాళ్ళు చెప్పండి.

బాలానగర్_లేత్
రేడియో ఎందుకు? మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు లెవెల్ పట్టుకుని, ట్రాక్ కింద ఇటుక ముక్కలు పెట్టి, మొత్తం సమంగా లేపెయ్. రెండు వందల రూపాయల పని.

డాబా_రైలు
@బాలానగర్_లేత్ ఒక మూల సమం చేస్తే ఇంకో మూల మోకాలెత్తు లేపాలన్నా. ఆ ఎత్తు నుంచి పడితే ఇంజన్ దక్కదు. పైగా వడియాలు ఎండేసే చోటు అదే.

ఉత్తినే_చూస్తా
వడియాల స్పెషల్ ఎక్స్‌ప్రెస్ 😀

లండన్_కాదు_లెస్టర్
ట్రాక్ సమంగా ఉన్నా మలుపుల్లో రాపిడి ఎక్కువ, నిటారు దారిలో తక్కువ. పెట్టెలు నాలుగు తగిలిస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా బాయిలర్ ప్రెషర్ మారుతూ ఉంటుంది, నూనె వేడెక్కే కొద్దీ ఇంజన్ తేలికపడుతుంది. మొదటి చుట్టుకి సరిపోయిన లివర్ పదో చుట్టుకి సరిపోదు. కాబట్టి రేడియో దండగేం కాదు.

కానీ రెండు సర్వోలు ఒకేసారి పెట్టకు. ముందు రెగ్యులేటర్‌కి ఒక్కటి పెట్టు. డాబా చుట్టూ ఒకే వైపు తిరిగే బండికి రివర్సర్‌తో రోజూ పనుండదు, చేత్తో మార్చుకోవచ్చు. ఒక సర్వో తగ్గితే సగం చోటు సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు వేడి సంగతి. చిన్న గ్యాస్ ఇంజన్లు చాలావరకు 40 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర నడుస్తాయి. ఆ ఒత్తిడిలో బాయిలర్‌లో నీళ్ళు, ఆవిరి 140 డిగ్రీల పైన ఉంటాయి. ప్లాస్టిక్ సర్వో దానికి ఆనుకుంటే గేర్లు మెత్తబడతాయి. అదే వేలు మందం గాలి సందు వదిలి, మధ్యలో మైకా గానీ, ఫాయిల్ అంటించిన పల్చటి ప్లైవుడ్ గానీ అడ్డం పెడితే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. నా ఇంజన్‌లో సర్వో క్యాబ్ పక్కగోడకి, చిన్న ఎల్ క్లాంపు మీద నిలువుగా ఉంది. క్యాబ్ కప్పు కింద మాత్రం పెట్టకు, వేడంతా పోయి చేరేది అక్కడికే. డబుల్ సైడ్ టేప్ వద్దు, స్క్రూలే. సిలిండర్లకి నూనె అందించే లూబ్రికేటర్ నుంచి వచ్చే స్టీమ్ ఆయిల్ జిడ్డు, వేడి కలిస్తే ఎంత మంచి టేపైనా జారిపోతుంది.

బొగ్గు పెట్టె ఆలోచన మానుకో. బ్యాటరీని వెనక పెట్టెలో పెట్టు. ఇంజన్ వెనక శాశ్వతంగా ఒక బ్రేక్ వ్యాన్ (గార్డు పెట్టె) తగిలించి అందులో బ్యాటరీ, స్విచ్. రెండు వైర్లు, చిన్న ప్లగ్.

సర్వో_సత్తి
బ్యాటరీ వెనక పెట్టెలో పెట్టమనే సలహా ప్రతిచోటా వినిపిస్తుంది, నాకు మాత్రం మింగుడు పడదు. కప్లింగ్ ఊడి ప్లగ్ లాగేస్తే ఏమవుతుంది? రిసీవర్‌కి కరెంటు పోతుంది. కరెంటు లేని సర్వో ఎక్కడుందో అక్కడే బిగుసుకుని ఉంటుంది. రెగ్యులేటర్ తెరిచే ఉంటుంది. వెనక బరువు కూడా వదిలేసింది కాబట్టి ఇంజన్ ఇంకా వేగంగా పోతుంది. నీ చేతిలో రిమోట్ ఉండి లాభం లేదు. ఫెయిల్‌సేఫ్ (సర్వోని ముందే చెప్పిన స్థానానికి తీసుకెళ్ళే ఏర్పాటు) అంటారా, అది సిగ్నల్ పోతే పనిచేస్తుంది, కరెంటే పోతే ఎవరు పనిచేయిస్తారు?

లండన్_కాదు_లెస్టర్
@సర్వో_సత్తి కప్లింగ్‌ని స్క్రూ బిగించి లాక్ చేస్తాం కదా, ఊడదు. పట్టాలు తప్పినప్పుడు వైరు తెగకుండా ప్లగ్ కొంచెం వదులుగా పెడతారు కొందరు. ఆ పని చేస్తేనే నువ్వు చెప్పిన ప్రమాదం.

సర్వో_సత్తి
అంటే ప్లగ్ గట్టిగా ఉంటే వైరు తెగుతుంది, వదులుగా ఉంటే బండి పారిపోతుంది. అదే నేను అనేది.

బాలానగర్_లేత్
రెగ్యులేటర్ లివర్‌కి మూసే వైపు లాగే స్ప్రింగ్ పెడితే? కరెంటు పోగానే అదే మూసుకుంటుంది.

సర్వో_సత్తి
సర్వో గేర్లని వెనక్కి తిప్పాలంటే గట్టి స్ప్రింగ్ కావాలి. అంత గట్టి స్ప్రింగ్ పెడితే తెరిచినంతసేపూ సర్వో దానితో కుస్తీ పడుతూ గుయ్యిమంటూ బ్యాటరీ తాగేస్తుంది. కుదరదన్నా.

బిట్రగుంట_ఫైర్‌మన్
నాయనా నేను బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి తర్వాత డ్రైవర్‌నయ్యాను. డబ్ల్యూజీ ఇంజన్ల మీద చేశాను, 210 పౌండ్ల ప్రెషర్. మీ బొమ్మ బండి 40 అంటే నవ్వొచ్చింది కానీ మనవడు చూపిస్తే ఈ చర్చంతా చదివాను. ఒకటి అడుగుతాను. మీరంతా సిగ్నల్ పోతే రెగ్యులేటర్ మూసుకుపోవాలి అంటున్నారు. మూసుకుపోయాక మంట సంగతేంటి? మా ఇంజన్లలో సిలిండర్ నుంచి వచ్చే వాడిన ఆవిరే పొగగొట్టంలో గాలిని లాగుతుంది. రెగ్యులేటర్ ముయ్యకముందే బ్లోయర్, అంటే పొగగొట్టంలోకి నేరుగా ఆవిరి ఊదే గొట్టం, తెరవాలి, లేకపోతే మంట వెనక్కి తిరిగి క్యాబ్‌లోకి కొడుతుంది. ముఖం కాలిన వాళ్ళని చూశాను.

లండన్_కాదు_లెస్టర్
@బిట్రగుంట_ఫైర్‌మన్ బాబాయ్ గారూ, మీరు అడిగింది అసలు ప్రశ్న. గ్యాస్ ఇంజన్‌లో ఆ బాధ లేదు. గ్యాస్ జెట్ తనే గాలిని లోపలికి లాక్కుంటుంది, ఇంజన్ ఆగినా బర్నర్ మామూలుగా మండుతుంది. కానీ స్పిరిట్ బండ్లలో, మంట బాయిలర్ లోపలి గొట్టాల్లోంచి పోయే రకానికి మీరు చెప్పినట్టే జరుగుతుంది. రెగ్యులేటర్ మూసి బ్లోయర్ తియ్యకపోతే మంట క్యాబ్ కిందికి వస్తుంది, అక్కడే మన సర్వో ఉంటుంది. అందుకే అలాంటి ఇంజన్లకి రేడియో పెట్టేవాళ్ళు నడుస్తున్నంతసేపూ బ్లోయర్‌ని కొంచెం తెరిచే ఉంచుతారు.

ఇత్తడి_బుర్ర
రేడియో పెడితే ఇంక అది ఆవిరి బండి ఎలా అవుతుందండీ, రిమోట్ కారు అవుతుంది. బండిని వదిలేసి, అది ఎలా పోతుందో చూస్తూ టీ తాగడమే ఈ హాబీలో మజా. ప్రెషర్, బరువు, నీళ్ళు చూసుకుని లివర్ ఒక్కసారి సరిగ్గా పెట్టగలగడమే పనితనం.

బిట్రగుంట_ఫైర్‌మన్
అసలు ఇంజన్‌ని రెగ్యులేటర్ తెరిచి వదిలేసి దిగి టీ తాగడానికి పోయిన డ్రైవర్ ఎవడైనా ఉంటే చార్జిషీట్ ఇచ్చేవారు.

ఉత్తినే_చూస్తా
😂😂 బాబాయ్ సెంచరీ

ఇత్తడి_బుర్ర
సరే బాబాయ్ గారూ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా నేను రేడియో పెట్టను.

కంచరపాలెం_లోకో
డార్జిలింగ్ బి క్లాస్ అంటున్నారు కాబట్టి ఒక మాట. అసలు బండికి 610 మి.మీ. గేజ్, అంటే రెండడుగులు. అడుగుకి 16 మి.మీ. స్కేల్ లెక్కన సరిగ్గా 32 మి.మీ. వస్తుంది. మొదటివి 1889లో గ్లాస్గోలో షార్ప్ స్టూవర్ట్ వాళ్ళు కట్టారు. ఆ బండి ఘాట్ ఎక్కేటప్పుడు ముందు బఫర్ బీమ్ మీద ఇద్దరు కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లేవారు. అంతమంది మనుషులు చేసే పనిని మీరు ఒక్క సర్వోతో చేయించాలనుకుంటున్నారు, చెయ్యదా మరి.

క్యాబ్‌లో చోటు గురించి: ఇద్దరు సిబ్బంది బొమ్మలు పెట్టుకుని ఉంటారు కదా, సర్వోకి పక్కన ఫైర్‌మన్ బొమ్మని నిలబెడితే కనపడదు.

బిట్రగుంట_ఫైర్‌మన్
ఫైర్‌మన్ని అడ్డంగా నిలబెట్టడం రైల్వేలో మొదట్నుంచీ ఉన్నదే.

డాబా_రైలు
బాబాయ్ 🙏 

అందరూ చెప్పింది చదివాక మొదట రెగ్యులేటర్ ఒక్కటే అనుకుంటున్నాను. బ్యాటరీ విషయంలో ఇంకా తేల్చుకోలేకపోతున్నా. సత్తి అన్నా, మరి నువ్వు ఎక్కడ పెట్టావు? సర్వో ఏది కొనాలి? కోఠి గుజరాతీ గల్లీలో 9 గ్రాముల నీలం సర్వోలు దొరుకుతున్నాయి, చాలా చవక.

సర్వో_సత్తి
ఆ నీలం ఎస్‌జీ90లో గేర్లు ప్లాస్టిక్. అదే సైజులో లోహపు గేర్లున్న ఎంజీ90ఎస్ తీసుకో, కొంచెమే తేడా. రెండూ సుమారు 2 కేజీ-సెం.మీ. టార్క్ ఇస్తాయి, రెగ్యులేటర్ సాఫీగా తిరిగితే అది చాలు. తిరగకపోతే పెద్ద సర్వో కొనడం కాదు, ముందు రెగ్యులేటర్ గ్లాండ్ నట్ (ఇరుసు పక్కనుంచి ఆవిరి కారకుండా ప్యాకింగ్‌ని నొక్కే నట్) చూసుకో.

బ్యాటరీ నేను ఇంజన్‌లోనే పెట్టాను. ట్రిపుల్ ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు, 4.8 వోల్టులు. రెండు సెల్స్ క్యాబ్ ఎడమ వైపు నేల మీద, మిగతా రెండు సెల్స్ ఫ్రేముల మధ్య వెనక బీమ్ దగ్గర. ఒకే ప్యాక్‌గా ఉండాలని రూలేం లేదు, వైరుతో వరసగా కలిపితే చాలు. 800 ఎంఏహెచ్ సెల్స్ అయితే ఒకసారి గ్యాస్ నింపితే వచ్చే అరగంట లోపు ఆటలు చాలాసార్లు ఆడొచ్చు. లిథియం పాలిమర్ మాత్రం ఇంజన్‌లోకి రానివ్వకు. మే నెల డాబా ఎండ, పక్కన బాయిలర్, చుట్టూ గ్యాస్. మూడూ కలిసిన చోట ఆ సెల్ ఎందుకు చెప్పు.

ఇంకోటి, ఏరియల్. 2.4 గిగాహెర్ట్‌జ్ రిసీవర్‌కి చివర 31 మి.మీ. తీగ తొడుగు లేకుండా ఉంటుంది, పనంతా చేసేది ఆ ముక్కే. క్యాబ్ మొత్తం ఇత్తడి రేకు కాబట్టి లోపల చుట్టి పెడితే సిగ్నల్ అందదు. నేలలో చిన్న రంధ్రం చేసి, రబ్బరు బుష్ పెట్టి, ఆ ముక్క వరకు బయటికి తియ్యి. దాన్ని కత్తిరించకు, పొడిగించకు.

లండన్_కాదు_లెస్టర్
లిథియం విషయంలో సత్తితో ఏకీభవిస్తున్నా. వెనక పెట్టెలో అయితే పర్వాలేదు, ఇంజన్‌లో వద్దు.

బాలానగర్_లేత్
పుష్‌రాడ్ (సర్వోని లివర్‌కి కలిపే కడ్డీ) సంగతి ఎవరూ చెప్పలేదు. సైకిల్ చక్రం పుల్ల తీసుకో, 2 మి.మీ. మందం ఉంటుంది, తుప్పు పట్టని రకం దొరుకుతుంది. సర్వో వైపు చివర జెడ్ ఆకారంలో వంచు. లివర్ వైపు మాత్రం వంచెయ్యకు, పొడవు సరిచేసుకునే వీలుండాలి. ఎలక్ట్రికల్ షాపులో వైర్లు కలిపే కనెక్టర్ స్ట్రిప్ అమ్ముతారు చూడు, దాని ప్లాస్టిక్ కోసేస్తే లోపల రెండు స్క్రూలున్న ఇత్తడి ముక్క వస్తుంది. దాన్ని పుల్లకి తొడిగి స్క్రూ బిగిస్తే కాలర్ అయిపోయింది. అరమిల్లీ అటూ ఇటూ జరుపుకోవాలంటే స్క్రూ వదులు చేస్తే చాలు.

బిగించే వరస ముఖ్యం. సర్వోకి కరెంటిచ్చి, రిమోట్ పుల్లని పూర్తిగా మూసే వైపు పెట్టు. రెగ్యులేటర్‌ని చేత్తో మెత్తగా మూసెయ్. అప్పుడే సర్వో చెయ్యిని ఇరుసు మీద నొక్కు, అప్పుడే కాలర్ బిగించు. తర్వాత రిమోట్‌లో ఎండ్ పాయింట్ (సర్వో ఎంత దూరం తిరగాలో చెప్పే సెట్టింగ్) తగ్గించుకుంటూ రా, మూసుకున్నాక సర్వో గుయ్యిమనడం ఆగే వరకు. ఆ శబ్దం వస్తోందంటే అది ఇంకా రెగ్యులేటర్ వాల్వ్ సూదిని సీటులోకి నొక్కుతోందని, సూదీ పోతుంది, బ్యాటరీ పోతుంది.

డాబా_రైలు
@బాలానగర్_లేత్ ఇటుక ముక్కల దగ్గర మొదలెట్టి ఇక్కడికొచ్చావా అన్నా, దండం. కొన్నాను అన్నీ. ఫ్లైస్కై ఐ6 రిమోట్ మా తమ్ముడి దగ్గర డ్రోన్‌ది ఉంది, అది పనికొస్తుందా?

సర్వో_సత్తి
బ్రహ్మాండంగా. ఎడమ పుల్ల వదిలినా ఉన్నచోటే నిలబడుతుంది కదా, రెగ్యులేటర్‌కి అదే కావాలి. స్ప్రింగ్‌తో మధ్యకి వచ్చే పుల్ల రివర్సర్‌కి కూడా బాగోదు, తర్వాత పెట్టుకుంటే మీట స్విచ్‌కి కేటాయించు. ముందుకి, మధ్యలో, వెనక్కి.

ఫెయిల్‌సేఫ్ మర్చిపోకు. రిమోట్ మెనూలో ఆర్ఎక్స్ (రిసీవర్) సెటప్‌లో ఉంటుంది. పెట్టకపోతే సిగ్నల్ పోయినప్పుడు చివరి స్థానంలోనే ఆగిపోయే రిసీవర్లే ఎక్కువ. రెగ్యులేటర్ మూసిన స్థానాన్ని పెట్టి, ఇంజన్‌ని చక్రాలు కింద తగలకుండా గాల్లో ఉండేలా చెక్కల మీద నిలబెట్టి, రిమోట్ ఆపేసి చూడు. లివర్ మూసుకోవాలి. ప్రతిసారీ మంట వెలిగించే ముందు ఇది చెయ్యాల్సిందే.

డాబా_రైలు
బిగించాను. సెల్స్ సత్తి అన్న చెప్పినట్టే రెండు చోట్ల. టేబుల్ మీద చల్లగా ఉన్నప్పుడు వెన్నలా తిరిగింది. ఇవాళ ఆవిరి ఎక్కించాక ప్రెషర్ 40కి వచ్చేసరికి సర్వో తెరిచింది గానీ మూసేటప్పుడు ముక్కుతోంది, పూర్తిగా ముయ్యట్లేదు. చల్లారాక మళ్ళీ బాగానే ఉంది. బండి చేత్తో ఆపాల్సి వచ్చింది. సర్వో చిన్నదైపోయిందా?

బాలానగర్_లేత్
వేడికి ఇరుసు సాగి గ్లాండ్ బిగుసుకుంది. సర్వోది కాదు. గ్లాండ్ నట్ విప్పి, పాత ప్యాకింగ్ తీసి, టెఫ్లాన్ టేపుని దారంలా పురితిప్పి ఇరుసు చుట్టూ చుట్టు, నట్ చేత్తో తిప్పగలిగినంతే బిగించు. ఆవిరి కొంచెం చిమ్మితే పావు మలుపు. ఏ సర్దుబాటైనా ఆవిరి మీద ఉన్నప్పుడే చూడాలి, చల్లటి ఇంజన్ అబద్ధం చెబుతుంది.

లండన్_కాదు_లెస్టర్
దానితో పాటు సర్వో చెయ్యిలో లోపలి రంధ్రానికి పుల్ల మార్చు. ప్రయాణం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. ఎలాగూ రెగ్యులేటర్‌లో మనం వాడేది మొదటి కొంచెమే.

కంచరపాలెం_లోకో
అందరూ సర్వో గోలలో పడి నీళ్ళు మర్చిపోతున్నారు. రేడియో వచ్చాక బండి దగ్గరికి వెళ్ళడం మానేస్తాం, దూరంగా కుర్చీలో కూర్చుంటాం. రెగ్యులేటర్ మూసి స్టేషన్‌లో ఆపినా బర్నర్ మండుతూనే ఉంటుంది, సేఫ్టీ వాల్వ్ ఊదుతూనే ఉంటుంది. ఇలాంటి ఇంజన్లలో గ్యాస్ ముందు అయిపోయి నీళ్ళు కొంచెం మిగిలేలా ట్యాంకు సైజు పెడతారు. ఎక్కడ తేడా వస్తుందంటే, మధ్యలో గ్యాస్ మళ్ళీ నింపి నీళ్ళు నింపకపోతే. గుడాల్ వాల్వ్ ఉంటే ప్రెషర్ మీదే నీళ్ళు ఎక్కించొచ్చు, లేకపోతే చల్లారనిచ్చి రెండూ కలిపే నింపాలి.

హైదరాబాద్ ఎండలకి ప్రొపేన్ కలిపిన గ్యాస్ వాడకు. వట్టి బ్యూటేన్ చాలు.

లండన్_కాదు_లెస్టర్
ఇక్కడ చలికాలంలో బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవ్వడమే మానేస్తుంది, ట్యాంకు చుట్టూ గోరువెచ్చటి నీళ్ళు పోసి బతిమాలుకుంటాం. మీకు ఆ కర్మ లేదు.

డాబా_రైలు
గ్లాండ్ సరిచేశాను, చెయ్యి లోపలి రంధ్రానికి మార్చాను. ప్రెషర్ మీద టకటకా మూసుకుంటోంది. గొట్టం వైపు దిగేటప్పుడు రిమోట్ పుల్ల కొంచెం కిందికి, ఎక్కేటప్పుడు పైకి. నాలుగు పెట్టెలతో నడక వేగంలో పోతోంది. ఎక్కుడులో శబ్దం ఎంత బాగుందో! ఇన్నాళ్ళూ పరుగులో వినపడనే లేదు. ఒక ఇబ్బంది, బయల్దేరేటప్పుడు పొగగొట్టంలోంచి నూనె, నీళ్ళు ఎగజిమ్మి చొక్కా పాడైంది.

బిట్రగుంట_ఫైర్‌మన్
సిలిండర్లలో నీళ్ళు నిలిచాయి. మాకు ఆ నీళ్ళు బయటికి వదిలే డ్రెయిన్ కాక్‌లు ఉండేవి. నీకు లేవు కాబట్టి రెగ్యులేటర్ కొంచెమే తీసి, ముందుకీ వెనక్కీ ఊపుతూ మెల్లగా కక్కించు. చొక్కా వేసుకోకు.

సర్వో_సత్తి
ముందుకీ వెనక్కీ ఊపడానికే రెండో సర్వో. ఇప్పుడు కొనక తప్పదు 😀

కొత్తగా_వచ్చా
మా నాన్నగారి పాత మామోడ్ ఇంజన్ ఉంది, ఊగే సిలిండర్ల రకం. దానికీ రెండు సర్వోలు కావాలా?

లండన్_కాదు_లెస్టర్
ఒక్కటి చాలు. అందులో ఒకే లివర్ ముందుకి, ఆపు, వెనక్కి మూడూ చేస్తుంది. స్ప్రింగ్ పుల్లకి తగిలించుకో, చెయ్యి వదిలితే మధ్యకి వచ్చి బండి ఆగుతుంది. కానీ ఇంధన బిళ్ళల మంట బాయిలర్ కింద ఆరుబయట మండుతుంది, సర్వో ఆ పక్కకే రాకూడదు. క్యాబ్ వెనక్కి పొడవు పుల్ల పెట్టి దూరంగా బిగించు.

కొత్తగా_వచ్చా
థ్యాంక్స్ అన్నా. ఆ గుజరాతీ గల్లీ ఆదివారం తెరిచి ఉంటుందా?

డాబా_రైలు
షాపుకి ఫోన్ చేసి వెళ్ళు. వెళ్తే నాక్కూడా ఒక ఎంజీ90ఎస్ పట్టుకురా, డబ్బులు పంపిస్తా.